తడవని చేతితొడుగు



వేసవి సెలవులకు మా అమ్మాయి, అల్లుడు, మనుమడు కెనడానుంచి వచ్చారు. పెట్టెలు సర్దే తొందరలో మనుమడి చలికాలపు చేతితొడుగులు కూడా వచ్చిపడ్డాయి. బయట నిప్పులు చెరిగే ఎండ. వీడు ఆ తొడుగులు వేసుకుని వసారాలో తిరుగుతున్నాడు. మా వీధి పిల్లలంతా చేరి ఒకటే నవ్వు!

పక్కింటి అమ్మాయి, ఏడో తరగతి చదువుతున్నది, ఒక తొడుగు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తాతగారూ, ఇది ఇంత పలచగా ఉన్నదే! మా బాబాయి సైన్యంనుంచి తెచ్చినది దీనికి మూడింతలు మందం. ఇది చలినెట్లా ఆపుతుంది?" అన్నది.

"నీళ్ళు కూడా పోవు లోపలికి. చూడు కావాలంటే," అని మావాడు చెయ్యి చాపాడు. ఆ అమ్మాయి చెంబెడు నీళ్ళు పోసింది. నీళ్ళు ముత్యాల్లా దొర్లి కిందపడ్డాయి. తొడుగు తీసి చూస్తే వేళ్ళు పొడిగా ఉన్నాయి. వంటింటి త్రాసులో తూచితే జత మొత్తం ఒక మంచి జామకాయంత బరువు కూడా లేదు.

"పలచన, తేలిక, పైగా తడవదు. ఎట్లా?" అని పిల్లలంతా నా చుట్టూ చేరారు.

ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. కాని దాన్ని నేను పుస్తకంలో నేర్చుకోలేదు. నేను చేసిన ఒక తప్పువల్ల నేర్చుకున్నాను. అదేమిటో ముందు చెబుతాను.

1988 డిసెంబరులో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, మా బడి స్కౌటు పిల్లలను పన్నెండుమందిని వెంటబెట్టుకుని హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలీకి వెళ్ళాను. మేమంతా కోస్తావాళ్ళం. మంచును బొమ్మల్లో తప్ప చూసినవాళ్ళం కాము. "చలి ఎక్కువగా ఉంటుంది, మందమైన ఉన్ని తొడుగులు కొనుక్కోండి" అని పిల్లలందరికీ నేనే చెప్పాను. ఎంత మందమైతే అంత వెచ్చన అని నా లెక్క. రెండో రోజు ఉదయం సోలంగ్ లోయకు బయలుదేరేముందు, అందరినీ వరసగా నిలబెట్టి, "చలి చలి అని మూలిగేవాడు స్కౌటు కాడు" అని గొప్పగా ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను.

పిల్లలు మంచు ముద్దలు చేసి ఒకరిమీద ఒకరు విసురుకుంటూ రెండు గంటలు ఆడారు. చేతుల వేడికి మంచు కరిగింది. ఉన్ని తొడుగులు ఆ నీళ్ళన్నీ పీల్చుకున్నాయి. మధ్యాహ్నం మూడు దాటేసరికి సూర్యుడు కొండచాటుకు పోయాడు, గాలి లేచింది. తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఏమీ మాట్లాడకుండా అందరికన్న వెనకగా నడుస్తున్నాడు. దగ్గరికి పిలిచి ఏమిరా అని అడిగాను.

"ఏమీ లేదండీ. ఇందాకటిదాకా వేళ్ళు నొప్పిపెట్టాయి. ఇప్పుడు నొప్పి లేదండీ. అసలు వేళ్ళు ఉన్నాయో లేవో తెలియటం లేదు," అన్నాడు.

తొడుగులు లాగి చూద్దును గదా, రెండు వేళ్ళ కొసలు మైనంలా తెల్లబడి ఉన్నాయి. నాకు కాళ్ళు ఆడలేదు. ఆ వేళ్ళు నా అరచేతుల మధ్య పెట్టుకుని గబగబా రుద్దటం మొదలుపెట్టాను. మాకు దారి చూపించే కొండప్రాంతపు పెద్దాయన పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మాస్టర్‌జీ, రుద్దకండి! చర్మం చెడిపోతుంది," అన్నాడు. అని, తన కోటు గుండీలు విప్పి, ఆ కుర్రవాడి చేతులు రెండూ తన చంకల్లో పెట్టుకుని, పైన కోటు కప్పి, కదలకుండా కూర్చున్నాడు. కాసేపటికి కుర్రవాడు బావురుమని ఏడ్చాడు. పెద్దాయన నవ్వి, "ఏడవనీయండి. నొప్పి తెలుస్తున్నదంటే ప్రాణం తిరిగి వస్తున్నదన్నమాట," అన్నాడు.

ఆ రాత్రి మనాలీలో డాక్టరుకు చూపించాం. వేళ్ళ కొసలు బొబ్బలెక్కి, తరవాత పొరలు ఊడి, నెల రోజుల్లో మానాయి. మార్చిలో పరీక్ష రాశాడు. అదృష్టం బాగున్నది. కాని ఆ రెండు వేళ్ళకు ఇప్పటికీ తక్కినవాటికన్న తొందరగా చలి తెలుస్తుందట.

ఆ పూట మావాడికి జరిగినదాన్ని మంచుకాటు అంటారు. పాముకాటు కనబడుతుంది. మంచుకాటు మొదట నొప్పి పుట్టించి, తరవాత నొప్పిని కూడా మాయం చేస్తుంది. అందుకే అది ప్రమాదం.

ఇది వేళ్ళనే ఎందుకు పడుతుంది? మన శరీరం లోపల 37 డిగ్రీల వేడి ఉంటుంది. గుండె, మెదడు వంటి ముఖ్యమైన అవయవాలకు ఆ వేడి తగ్గరాదు. చలి ఎక్కువయినప్పుడు శరీరం పొదుపు చేయడం మొదలుపెడుతుంది. చేతుల్లో, కాళ్ళలో ఉన్న సన్నని రక్తనాళాలను ముడిచి, వెచ్చని రక్తాన్ని లోపలికి మళ్ళిస్తుంది. కరువు రోజుల్లో చివరి పొలాలకు కాలవ నీరు కట్టివేసినట్టన్నమాట! ఆ చివరి పొలాలే మన వేళ్ళు. రక్తం అందని వేలు చల్లబడుతుంది, మొద్దుబారుతుంది. చర్మం వేడి సున్నా డిగ్రీలకు కాస్త దిగువకు పోయిందంటే కణాల్లోని నీరు గడ్డకడుతుంది.

మరి ఉన్ని తొడుగులు అంత మందంగా ఉండికూడా మావాడిని ఎందుకు కాపాడలేదు?

ఇక్కడ ఒక రహస్యమున్నది. ఏ దుస్తూ మనకు వేడినివ్వదు. వేడి మనదే. దుస్తు చేసే పని ఆ వేడిని పారిపోనివ్వకపోవడం మాత్రమే. ఆ పని కూడా నిజానికి దారం చేయదు. దారాల సందుల్లో చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి చేస్తుంది. నిశ్చలమైన గాలి వేడిని చాలా నెమ్మదిగా పోనిస్తుంది. నీరు అట్లా కాదు. గాలికన్న సుమారు 25 రెట్లు సులువుగా వేడిని దాటిస్తుంది. తొడుగు తడిస్తే ఏమవుతుంది? సందుల్లోని గాలి పోయి, ఆ చోట నీరు చేరుతుంది. కాపలావాడిని పంపించి దొంగను కూర్చోబెట్టినట్టు!

ఇంకో నష్టం కూడా ఉన్నది. ఎండాకాలంలో మీ ఇంట్లో మట్టికుండలో నీళ్ళు చల్లగా ఎందుకుంటాయి? కుండకు కంటికి కనబడని రంధ్రాలున్నాయి. వాటిగుండా నీరు కాస్తకాస్తగా బయటికి ఊరి, ఆవిరవుతుంది. ఆవిరి కావటానికి వేడి కావాలి. ఆ వేడిని కుండలోని నీటినుంచి లాక్కుంటుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయటానికి ఒక కేలరీ చాలు. కాని చర్మంమీద ఉన్న ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీలు కావాలి! తడి తొడుగుమీద గాలి వీచినప్పుడు జరిగేది ఇదే. మే నెలలో మనకు ఎంతో హాయినిచ్చే కుండ విద్యే మంచుకొండమీద వేళ్ళను కొరుకుతుంది.

అయితే ఉన్ని పనికిరాదని అనుకునేరు! ఉన్ని చాలా మంచిది. అది తన బరువులో దాదాపు మూడోవంతు తేమను లోపల దాచుకుని కూడా తడిసినట్టు కనబడదు. నూలు తొడుగుకన్న ఎంతో మేలు. కాని నీళ్ళలో ముంచితే దాని ఓపికకూ హద్దున్నది.

"అయితే పైన ఒక ప్లాస్టిక్ సంచీ తొడుక్కుంటే సరిపోతుంది గదా, తాతగారూ?" అన్నది పక్కింటి అమ్మాయి. తెలివైన ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు మీరే కనుక్కోవచ్చు.

ఒక చేతికి పలచని ప్లాస్టిక్ సంచీ తొడుక్కుని, మణికట్టు దగ్గర వదులుగా దారం కట్టండి. (చేతికి మాత్రమే! తలకు ఎన్నడూ తొడగరాదు, చిన్న తమ్ముళ్ళను తొడుక్కోనివ్వరాదు.) పదిహేను నిమిషాలు మెట్లు ఎక్కి దిగండి. సంచీ లోపల నీటి చుక్కలు కనబడతాయి. బయటినుంచి చుక్క నీరు రాలేదు. అదంతా మీ చెమటే. మన చర్మం మనకు తెలియకుండానే రాత్రింబవళ్ళు తేమను వదులుతూ ఉంటుంది. కొండ ఎక్కేవాడికి అది ఇంకా ఎక్కువ. ప్లాస్టిక్ సంచీ బయటి నీటిని ఆపింది, లోపలి నీటిని కూడా ఆపింది. చివరికి చెయ్యి తడవనే తడిసింది!

కనక మనకు కావలసిన తొడుగు చాలా పెంకె పని చేయాలి. బయటి నీటిని లోపలికి రానివ్వకూడదు. లోపలి ఆవిరిని బయటికి పోనివ్వాలి. ఒకే తలుపు ఒకవైపునుంచి మూసి, రెండోవైపునుంచి తెరిచి ఉండాలి. ఇది సాధ్యమేనా?

సాధ్యమే. రాబర్ట్ గోర్ అనే అమెరికా ఇంజనీరు 1969లో అటువంటి పొర ఒకటి కనిపెట్టాడు. ఆ కథ విచిత్రంగా ఉంటుంది.

అంటుకోని పెనాలమీద పూసే టెఫ్లాన్ మీకు తెలుసు గదా! అది 1938లో కనిపెట్టిన పదార్థం. నీరుగాని నూనెగాని దానికి అంటదు. గోర్ ఈ పదార్థంతో చేసిన కడ్డీలను వేడిచేసి సాగదీయాలని చూస్తున్నాడు. మెల్లిగా, జాగ్రత్తగా లాగుతున్నాడు. ప్రతిసారీ కడ్డీ కొంచెం సాగి తెగిపోతున్నది. ఎన్నిసార్లు చేసినా అంతే. చివరకు విసుగెత్తి, పొయ్యినుంచి ఒక కడ్డీ తీసి ఒక్క ఊపున లాగాడు. అది తెగలేదు! ఎన్నో రెట్లు పొడుగు సాగింది. పరీక్షించి చూస్తే దాని నిండా లెక్కకు మించిన సూక్ష్మరంధ్రాలున్నాయి. అందులో పదార్థం తక్కువ, గాలి ఎక్కువ. ఇదే తరవాత గోర్‌టెక్స్ అనే పేరుతో 1970లలో దుస్తుల్లోకి వచ్చింది.

ఆ రంధ్రాలు ఎంతటివి? తయారు చేసినవాళ్ళు చెప్పే లెక్క ప్రకారం ఒక చదరపు అంగుళంలో సుమారు 900 కోట్ల రంధ్రాలు ఉంటాయి. ఒక్కొక్క రంధ్రం నీటిబొట్టుకన్న 20,000 రెట్లు చిన్నది. కాని ఆవిరిలోని నీటి అణువుకన్న 700 రెట్లు పెద్దది. బొట్టుకు తలుపు మూసి ఉన్నది, ఆవిరికి తలుపు బార్లా తెరిచి ఉన్నది!

"బొట్టు చితికి, చిన్నచిన్నదై దూరిపోదా?" అని మీకు అనుమానం రావాలి. రాదు సుమా, దూరదు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. దీన్నే తలతన్యత అంటారు. ఇది కూడా చేసి చూడండి. ఒక గాజుగ్లాసు నిండా నీళ్ళు పోయండి. పలచని జేబురుమాలును తడిపి గ్లాసుమూతిమీద బిగువుగా పరిచి రబ్బరుబ్యాండు వేయండి. అరచెయ్యి అడ్డుపెట్టి గ్లాసును తలకిందులు చేసి, మెల్లిగా చెయ్యి తీసేయండి. రుమాలు నిండా రంధ్రాలే. అయినా నీరు కారదు! కింద ఉన్న గాలి నీటిని పైకి నొక్కుతూ ఉంటుంది. ప్రతి రంధ్రంలోనూ నీరు తన్ను తాను పట్టుకుని, గాలిని లోపలికి దూరనివ్వదు. (మొదటిసారి తొట్టిమీద పట్టుకుని చేయండి. అమ్మచేత నన్ను తిట్టించకండి.) రుమాలు నీటిని ఇష్టపడే గుడ్డ. నీరంటే గిట్టని పొర అయితే, అంత సన్నని రంధ్రంలోకి బొట్టు తలదూర్చనే లేదు.

ఇప్పుడు మా మనుమడి తొడుగును పొరలు పొరలుగా చూద్దాం.

అన్నిటికన్న పైన నైలాను గుడ్డ. దానిమీద నీటిని దొర్లించే పూత ఉన్నది. తామరాకుమీద నీటిబొట్టు చూశారు గదా, అట్లా. దానికింద రంధ్రాల పొర, చేతి ఆకారంలో సంచీగా అతికించి ఉన్నది. దానికింద వెచ్చదనానికి సన్నని కృత్రిమపు దూది. చర్మానికి తగిలేచోట మెత్తని అస్తరు.

ఆ దూదిలోనే పలచదనం రహస్యమున్నది. పోగులు ఎంత సన్ననయితే వాటి మధ్య గాలిని అన్ని చిన్న గదుల్లో బంధించవచ్చు. చిన్న గదిలో గాలి కదలలేదు. 1979లో అమెరికాలోని త్రీఎం సంస్థ థిన్సులేట్ అనే దూదిని అమ్మకానికి పెట్టింది. దాని పోగులు తలవెంట్రుకకన్న ఎన్నో రెట్లు సన్నం. అందుకే కొద్ది మందంలోనే ఎక్కువ పని చేస్తుంది.

అసలు తేలికదనం అంత అవసరమా, మందమైనదే వేసుకుంటే ఏం పోయింది అని మీరడగవచ్చు. దీనికి జవాబుగా ఒక నిజమైన కథ చెబుతాను.

1950 జూన్ 3న మోరిస్ హెర్జోగ్, లూయీ లషనాల్ అనే ఫ్రెంచివాళ్ళు నేపాలులోని అన్నపూర్ణ శిఖరమెక్కారు. దాని ఎత్తు 8,091 మీటర్లు. అంతకుముందు ఎనిమిదివేల మీటర్లు దాటిన శిఖరం దేన్నీ మనిషి ఎక్కలేదు. దిగేటప్పుడు హెర్జోగ్ తన సంచీ విప్పాలని తొడుగులు తీసి పక్కన పెట్టాడు. అవి జారి, వాలువెంట దొర్లి కిందికి పోయాయి. ఆయన చూస్తూ నిలబడిపోయాడు. సంచీలో ఒక జత మేజోళ్ళున్నాయి. అవి చేతులకు తొడుక్కోవచ్చు. కాని ఆ ఎత్తులో, గాలి చాలక, బుద్ధి సరిగా పనిచేయదు. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు. ఉత్త చేతులతో దిగాడు. ఆ రాత్రి గుడారంలో తోటివాళ్ళు, రక్తం ఆడుతుందన్న నమ్మకంతో, ఆయన వేళ్ళను తాడుకొసలతో కొట్టారు. అప్పటికి అందరికీ తెలిసిన వైద్యం అదే. మర్నాడు మంచుతుపానులో దారి తప్పి, మంచు పగులులో రాత్రి గడిపారు. చివరకు ప్రాణాలు దక్కాయి కాని, హెర్జోగ్ కాలివేళ్ళన్నీ, చేతివేళ్ళు చాలావరకు పోగొట్టుకున్నాడు. ఆయన 2012దాకా బతికాడు.

చూశారా! కొండమీద తొడుగు తీయటమే గండం. మందమైన తొడుగుతో తాడు ముడి వేయలేం, గుండీ పెట్టలేం, సంచీ విప్పలేం. అందుకని తీస్తాం. తీసిన మరుక్షణం గాలి, మంచు, జారుడు. వేళ్ళు ఆడేటంత పలచగా ఉన్న తొడుగైతే తీయనక్కరలేదు. తేలికదనం సోకుకోసం కాదు, తీయకుండా ఉండటం కోసం.

మందంవల్ల మరో చిక్కు కూడా ఉన్నది. సన్నని వేలుచుట్టూ దూది చుట్టుకుంటూ పోతే దాని బయటి చుట్టుకొలత కూడా పెరుగుతూ పోతుంది. వేడి పారిపోయే చోటు కూడా పెద్దదవుతుంది. అందువల్ల ఒక హద్దు దాటాక మందం పెంచినంతగా వెచ్చదనం పెరగదు. మంచుదేశాలవాళ్ళు బాగా చలి ఉన్నప్పుడు నాలుగు వేళ్ళూ ఒకే గదిలో, బొటనవేలు మాత్రం విడిగా ఉండే తొడుగు వేసుకుంటారు. విడివిడిగా పడుకున్న పిల్లలకన్న ఒకే దుప్పటికింద ముడుచుకున్న పిల్లలు వెచ్చగా ఉండరూ? వేళ్ళూ అంతే.

ఈ విద్య అంతా ఈనాటిదే అనుకోకండి. ఉత్తరధ్రువ ప్రాంతంలో ఉండే ఇన్యూట్ జాతి స్త్రీలు అనాదిగా సీలు తోలుతో తడవని తొడుగులూ, జోళ్ళూ కుడుతున్నారు. కుట్టు ఉన్నచోట సూది రంధ్రం ఉంటుంది, రంధ్రమున్నచోట నీరు కారుతుంది గదా! అందుకని వాళ్ళు సూదిని తోలు మందంలో సగందాకా పోనిచ్చి పక్కకు తీస్తారు. అవతలికి రంధ్రం పడనివ్వరు. పైగా దారానికి బదులు జంతువుల నరం వాడేవారు. అది తడిస్తే ఉబ్బి రంధ్రాన్ని తానే మూసేస్తుంది. ఈనాటి కర్మాగారాల్లో కుట్లమీద పట్టీ అతికించి చేసే పనినే ఆ తల్లులు ఒక సూదితో చేశారు. బడికి పోనంతమాత్రాన శాస్త్రం రాదని ఎవరన్నారు?

ఇక మన పిల్లల సంగతి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు శిఖరమెక్కింది. ఖమ్మం జిల్లానుంచి వెళ్ళిన ఆనంద్ కుమార్ ఆమెతో కూడా ఉన్నాడు. ఇద్దరూ తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన పేదింటి పిల్లలు. భువనగిరి బండమీద మొదట ఎక్కటం నేర్చుకున్నారు, తరవాత డార్జిలింగులో మంచుమీద శిక్షణ పొందారు. ఎండకు పుట్టిన పిల్లలు కూడా చలిని గెలవగలరు. కాని చలిని లెక్కచేయకుండా కాదు, దాని లెక్క తెలుసుకుని.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు. మన లంబసింగిలోనో, అరకులోనో చలికి మామూలు ఉన్ని తొడుగులు చాలు. అక్కడికి ఖరీదైన తొడుగులు కొని డబ్బు పాడుచేయకండి. హిమాలయాలకు యాత్ర వెళ్ళేవారూ, చదువులకోసం చలిదేశాలకు పిల్లలను పంపేవారూ మాత్రం ఇవి గుర్తుంచుకోండి.

తొడుగు బిగువుగా ఉండకూడదు. బిగిస్తే రక్తం ఆడదు, లోపలి గాలి కూడా నలిగిపోతుంది. వేలికొసన కాస్త సందు ఉండాలి. మణికట్టు బయటపడకుండా పొడుగుండాలి. చిన్నపిల్లలకయితే రెండు తొడుగులకూ ఒక తాడు కట్టి, చొక్కాచేతులగుండా పోనిస్తే జారిపోవు. ఎంత మంచి తొడుగైనా, పొడిగా ఉన్న రెండో జత ఒకటి సంచీలో ఉండితీరాలి. తడిసినవాటిని పొయ్యిదగ్గర ఆరబెట్టకండి, పొరలు విడిపోతాయి. పైగుడ్డమీద నీరు దొర్లటం మానేసి ఇంకిపోతూంటే పూత అరిగిందన్నమాట. అప్పుడు లోపలి పొర చిల్లు పడకపోయినా, బయటి తడిగుడ్డ చెమట ఆవిరిని పోనివ్వదు. మెత్తని సబ్బుతో కడిగి, పూత మళ్ళీ వేయించాలి. ఇంకొక మాట. పాత పూతల్లోనూ పొరల్లోనూ వాడిన ఫ్లోరిన్ రసాయనాలు కొన్ని నేలలోనూ నీటిలోనూ ఎంతకాలానికీ నశించవని తెలిసింది. అందుచేత ఇప్పుడు చాలామంది తయారీదారులు వేరే పదార్థాలకు మారుతున్నారు. కొనేటప్పుడు అడిగి తెలుసుకోండి.

వేళ్ళు తెల్లబడి మొద్దుబారితే ఏం చేయాలో పిల్లలు కూడా కంఠతా పట్టండి. వెంటనే గాలి తగలని చోటికి పోవాలి. తడి తొడుగులు, ఉంగరాలు తీసేయాలి. చేతులను చంకల్లో పెట్టుకోవాలి. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. నిప్పుదగ్గర పెట్టకూడదు, ఎందుకంటే మొద్దుబారిన వేలికి కాలేది తెలియదు. రంగు తిరిగి రాకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. అందుకు ఆలస్యమయ్యేటట్టుంటే వేళ్ళను 37నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచాలి. ఆ వేడిని పెద్దవాళ్ళు, పసిబిడ్డకు నీళ్ళు పోసేముందు చూసినట్టు, తమ మోచేతితో చూడాలి. మళ్ళీ చలిలో నడిచి, వేళ్ళు తిరిగి గడ్డకట్టే ప్రమాదముంటే మాత్రం, క్షేమమైన చోటు చేరేదాకా కరిగించకూడదు.

అన్నిటికన్న ముఖ్యమైన మాట చివరికి ఉంచాను. ఆ రోజు సోలంగ్‌లో మావాడి వేళ్ళను చెడగొట్టింది తడి తొడుగు ఒక్కటే కాదు. ఉదయం నేనిచ్చిన ఉపన్యాసం కూడా. నొప్పి పుట్టినప్పుడు వాడు చెప్పి ఉంటే పొడి తొడుగు దొరికేది, వేళ్ళు బాగుండేవి. మూలిగితే స్కౌటు కాననుకుని, నామీది గౌరవంతో వాడు గంటసేపు నోరుమూసుకున్నాడు. ఆ తరవాత నేను ముప్ఫైఏళ్ళు బళ్ళో పనిచేశాను. పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్ళినా, బయలుదేరేముందు చెప్పే మాట మార్చుకున్నాను. "నొప్పిగా ఉంటే వెంటనే చెప్పేవాడే ధైర్యవంతుడు" అని. మీరు కూడా అట్లాగే చెప్పండి. పెద్దవాళ్ళూ, మీరు అట్లాగే వినండి.

ఈ నెల ప్రశ్న: చలికాలం తెల్లవారుజామున పిచ్చుక ఈకలన్నీ ఉబ్బించుకుని బంతిలా గుండ్రంగా కూర్చుంటుంది. ఎందుకని? పైన చెప్పినదంతా శ్రద్ధగా చదివినవారికి జవాబు తెలిసే ఉంటుంది. వచ్చే నెల సరిచూసుకుందాం.